తీగల మేస్త్రి వేసిన పూత

మావారిని కాలేజీలో అందరూ తీగల మేస్త్రి అనేవారు. పళ్ళ డాక్టర్లు తయారయ్యే కాలేజీ అది. కింది అంతస్తులో, మెట్ల పక్కనున్న ల్యాబులో ముప్ఫై మూడేళ్ళు పనిచేశారు. వంకర పళ్ళు సరిచేయడానికి పిల్లలకు వేసే క్లిప్పుల తీగలు వంచడం ఆయన పని. పైనుంచి డాక్టర్లు నోటి అచ్చుతో పాటు ఒక కాగితం మీద వంపులు గీసి పంపేవారు. ఆయన ఆ కాగితాన్ని ఒక్కసారి చూసి టీ కప్పు కింద పెట్టేసేవారు. మిగిలిందంతా ఆయన వేళ్ళు చూసుకునేవి. ఆయన వంచిన తీగను గాజు పలక మీద పెడితే ఎక్కడా లేవకుండా ఆనుకుని కూర్చునేది.

సంతాప సభలో మాట్లాడిన వాళ్ళందరూ ఆ తీగల గురించే చెప్పారు. పూత మాట ఎవరూ ఎత్తలేదు. ఆరేళ్ళు ఆయన ప్రాణం పెట్టింది దాని మీద. అది పనిచేసిందా లేదా అన్న ఒక్క సంగతి తెలుసుకోవడానికి ఇంకో రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగారు. అందులో నా పాలు ఎంతో చెప్పేవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు.

నేను అదే కాలేజీలో, పై అంతస్తులో క్లిప్పుల విభాగంలో సహాయకురాలిని. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టడం, పెదవులు పక్కకు లాగి పట్టుకోవడం, డాక్టరు చెయ్యి చాపకముందే కావలసిన వస్తువు ఆ చేతిలో ఉంచడం నా పని. చేరిన కొత్తల్లో ఒక ముసలి సిస్టరు నన్ను అందరి ముందూ నిలబెట్టి, "తుడవని వస్తువు ట్రేలో పెట్టావంటే నీ చేతులు విరుస్తా" అంది. ఆ రోజు నుంచి నా చేతికి స్పిరిట్ దూది అలవాటైపోయింది. సీలు విప్పిన కొత్త వస్తువైనా సరే, ఒకసారి తుడిచి గాని ట్రేలో పెట్టేదాన్ని కాదు. డాక్టర్లు మెచ్చుకునేవారు. ఈయనైతే ల్యాబులో చెప్పుకుని మురిసిపోయేవారట, "మా ఇంటావిడ చేతికి వచ్చిన క్రిమి బతికి బట్ట కట్టదు" అని.

మాకు ఒక్కతే అమ్మాయి. పైపళ్ళు కొంచెం ఎత్తు. పదమూడో ఏట క్లిప్పులు వేయించాం. తీగ ఆయనే వంచారు, ట్రే నేనే పెట్టాను. "మా అమ్మాయి నోట్లో నా చేతి పని, పక్కన నువ్వు. ఇంకేం కావాలోయ్" అన్నారు ఆ రోజు. నన్ను ఆయన ఏమోయ్ అని పిలిచేవారు. మాట చివర ఆ 'ఓయ్' ఉండాల్సిందే.

రెండేళ్ళకి క్లిప్పులు తీశారు. పళ్ళు వరుసగా, అచ్చు గుద్దినట్టు ఉన్నాయి. కానీ ప్రతి పన్ను మీదా ఒక చట్రం కనబడింది. పంటికి అంటించిన స్టీలు బిళ్ళ ఉన్నంత మేర పన్ను నిగనిగలాడుతోంది, దాని చుట్టూ మాత్రం సున్నం పూసినట్టు తెల్లటి మచ్చ. బిళ్ళల చుట్టూ తిండి ఇరుక్కుంటుంది. అక్కడ క్రిములు చేరి పులుపు పుట్టిస్తాయి. ఆ పులుపు పన్ను పైపొరను తినేస్తుంది. ఇది రోజుకి పదిమంది తల్లులకి నా నోటితో చెప్పేదాన్ని. నా కూతురు సరిగా తోముకుంటోందో లేదో చూడటానికి మాత్రం నాకు తీరలేదు. పొద్దున్న ఏడింటికల్లా నేను ఆస్పత్రిలో ఉండేదాన్ని.

ఆ తెలుపు తర్వాత గోధుమ రంగుకి తిరిగింది. పదిహేడో ఏట ముందు పళ్ళు రెండిటికి తొడుగులు వేయించాం. అమ్మాయికి నోటి దురుసు ఎక్కువ. స్నేహితులతో, "మా ఇంట్లో ఇద్దరు పళ్ళవాళ్ళున్నారు. అందుకే నా పళ్ళు ఇలా ఏడ్చాయి." అని నవ్వేది. నవ్వేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది. ఆయన ఆ చేతి వంకే చూసేవారు. ఎంత మంది మధ్య ఉన్నా, అది నవ్వగానే మాట ఆపి ఆ చేతి వంక చూసేవారు.

అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోయాక ఆయన పూత మొదలుపెట్టారు. ఆయన చదువు స్కూలు, ఆ పైన టెక్నీషియన్ కోర్సు. పై చదువు పరిశోధనకి విషయం వెతుక్కుంటూ ఒక డాక్టరమ్మ ల్యాబుకి వచ్చింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల. ఆమె పుస్తకాల్లో చదివింది చెప్పేది, ఈయన చేతులతో చేసి చూసేవారు. వెండి రజను కలిపిన జిగురులాంటి ద్రవం. స్టీలు బిళ్ళలను అందులో ముంచి, చిన్న పొయ్యిలో సన్నటి వేడి మీద ఆరబెట్టాలి. ఆరాక కంటికి ఏమీ కనబడదు. కానీ దాని మీద క్రిమి నిలవదు. అదీ అనుకున్నది.

ఎన్నిసార్లు చెడిందో లెక్కలేదు. ఒకసారి పొక్కులు లేచేది, ఒకసారి పొట్టు రాలేది. భోజనం దగ్గర కూర్చుంటే అదే మాట.

"ఏమోయ్, ఈసారిది నలభై రోజులు నిలిచింది. ఉప్పులో వేశాను, పులుపులో వేశాను, రోజూ బ్రష్షుతో రుద్దాను. కదల్లేదు."

"ముందు ఆ చెయ్యి కడుక్కోండి. వెండి తింటారా ఏమిటి అన్నంలో కలుపుకుని?"

"తింటే మంచిదేనోయ్. లోపలంతా తళతళలాడుతుంది."

పూత నిలిచిందో లేదో చూడటానికి ఆయనకి ఒక కిటుకు ఉండేది. వేలి గోరంత స్టీలు రేకు ముక్కకి పూత వేసి, దాని మీద ఒక నీటి చుక్క వదిలేవారు. పూత ఉంటే చుక్క గుండ్రంగా పూసలా నిలబడుతుంది. లేకపోతే చదునుగా పడిపోతుంది. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ భూతద్దం ఇచ్చి చూపించేవారు. గ్యాసు బండ తెచ్చినతనికి కూడా చూపించారు. అతను చూసి, "నీళ్ళే కదండీ" అన్నాడు. దానికి ఈయన వారం రోజులు నవ్వారు.

ఐదో ఏట పిల్లల మీద పరీక్షకి కాలేజీ ఒప్పుకుంది. నలభై ఆరు మంది పిల్లలు. ఒక్కొక్కరి నోట్లో ఒక పక్క పూత వేసిన బిళ్ళలు, రెండో పక్క మామూలువి. ఏ పక్క ఏవో డాక్టర్లకి తెలియదు, ఆ వివరం కవర్లలో పెట్టి సీలు వేశారు. ఏడాది తర్వాత రెండు పక్కలా తెల్లమచ్చలు లెక్కపెట్టి, అప్పుడు కవర్లు విప్పుతారు.

మొదలుపెట్టే ముందు రోజు ఆయన ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో సూచనలు రాసి తెచ్చి మా గది గోడకి అంటించారు. ఆయన స్టూలెక్కితే, కదలకుండా ఆ స్టూలు పట్టుకున్నది నేనే. ఆ కాగితంలో రెండో వరుస ఇది: బిళ్ళలను పొడి పట్టకారుతో మాత్రమే తీయాలి, ఏ ద్రవంతోనూ తుడవరాదు.

నేను చదవలేదు. పచారీ సామాను కట్టిచ్చిన కాగితాన్ని కూడా మడతలు విప్పి చదివేదాన్ని నేను. ఇంట్లో దొరికిన పుస్తకాన్ని మూడోసారి నాలుగోసారి చదివేదాన్ని. ఆ కాగితం మాత్రం చదవలేదు. ఐదేళ్ళుగా పొద్దున్నా సాయంత్రం ఈ మనిషి నోట వింటున్నదే, ఇందులో నాకు తెలియనిదేముంది అనుకున్నాను. ఆయనా అలాగే అనుకున్నారు. మిగతా వాళ్ళందరినీ పిలిచి ఒక్కొక్కటీ వివరించారు. నాకు చెప్పలేదు. ఆ పూత ఉప్పుకీ పులుపుకీ ఆగుతుంది, స్పిరిట్‌కి ఒక్క నిమిషం ఆగదు. నోట్లో స్పిరిట్ ఎక్కడిది అని ఆయన దాని గురించి ఎప్పుడూ బెంగపడలేదు. ఇంట్లో ఆ మాటే రాలేదు.

ఏడాది తర్వాత కవర్లు విప్పారు. పూత ఉన్న పక్కా, లేని పక్కా ఒకేలా ఉన్నాయి. నలభై ఆరులో ఎనిమిది మందికి మాత్రం పూత ఉన్న పక్క ఒక్క మచ్చ లేదు. ఎనిమిది మందిని బట్టి ఏమీ చెప్పలేమన్నారు పెద్దలు. కాకతాళీయం అన్నారు. డాక్టరమ్మ ఏడుస్తూ వేరే విషయం మీద పరిశోధన రాసుకుంది. రెండు నెలలకి ఈయన రిటైరయ్యారు. ఆ తర్వాత ఆర్నెల్లకి నేనూ.

ఇంట్లో కూర్చున్నాక ఆయనకి ఆ ఎనిమిది మందే లోకమైపోయారు. "ముప్ఫై ఎనిమిది మందికి ఎందుకు పోయిందో నాకు అక్కర్లేదోయ్. ఈ ఎనిమిది మందికి ఎందుకు నిలిచిందో తెలిస్తే చాలు" అనేవారు. పట్టీ రాసుకున్నారు. ఎవరు ఏ నీళ్ళు తాగుతారు, ఏ పేస్టు వాడతారు, తీపి ఎంత తింటారు. అమ్మాయి ఫోన్ చేస్తే దానితోనూ అదే. "నాన్నా, నా పళ్ళు పోతే పోయాయి, నీకు మతి పోయేట్టుంది" అని అది వెక్కిరించేది. ఈయన నవ్వేవారు కానీ పట్టీ మూసేవారు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం నేను వంటగది అలమారలో పరిచిన పాత కాగితాలు తీసి కొత్తవి వేస్తున్నాను. అలమారలో పరచడానికి పాత క్యాలెండరు కాగితాలు వాడటం నాకు అలవాటు. ఆయన గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఆ ఎనిమిది మందికీ క్లిప్పులు వేసిన తేదీలు చదువుతున్నారు. ఇద్దరు ఒకరోజు, ఇద్దరు మరోరోజు, అలా మొత్తం ఐదు రోజులు. ఏడు నెలల్లో అక్కడొకటి ఇక్కడొకటి. "వీటిలో ఒక వరుసా లేదు, ఒక పద్ధతీ లేదు" అన్నారు.

నా చేతిలో ఉన్నది ఆ ఏటి క్యాలెండరే. నేను సెలవు పెట్టిన రోజులకి సున్నా చుట్టుకునేదాన్ని. అమ్మాయి నీళ్ళోసుకున్న ఏడాది అది. దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి మూడు రోజులు, నాకు జ్వరం వచ్చి రెండు రోజులు. ఆయన తేదీ చదువుతున్నారు, నేను కాగితం తిప్పుతున్నాను. ఐదు తేదీలు. ఐదు సున్నాలు.

నేను లేని రోజుల్లో నా పని చేసిన అమ్మాయిని మేం నిద్రగన్నేరు అనేవాళ్ళం. నిలబడి నిద్రపోయేది. స్పిరిట్ దూది వాడదని, సీలు విప్పింది విప్పినట్టే ట్రేలో బోర్లించేస్తుందని దాన్ని నేను తిట్టని రోజు లేదు.

"ఏమోయ్, వింటున్నావా?"

"వింటున్నాను" అన్నాను.

మర్నాడు ఆయన మొదటి పిల్ల ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరారు. ఆయన వెళ్ళాక బల్ల సొరుగులోంచి పూత వేసిన రేకు ముక్క తీశాను. నీటి చుక్క వదిలాను. పూసలా నిలబడింది. గుడ్డతో అద్దేసి, స్పిరిట్ దూదితో ఒక్కసారి, నేనెప్పుడూ తుడిచేటట్టే, అటూ ఇటూ తుడిచాను. మళ్ళీ చుక్క వదిలాను. రేకంతా పరుచుకుని చదునుగా పడిపోయింది. ఎంతసేపు చూశానో తెలియదు. ముప్ఫై ఎనిమిది మంది పిల్లల బిళ్ళలు నా చేతులతో తుడిచాను. ఒక్కటి కూడా వదలకుండా, శ్రద్ధగా.

ఆయన రాగానే చెప్పేద్దామనే అనుకున్నాను. ఆయన గుమ్మంలోంచే కేక వేశారు. "బావి నీళ్ళోయ్! వాళ్ళది బావి నీళ్ళు! కుళాయి కాదు!" రిటైరయ్యాక ఆ మొహంలో అంత వెలుగు నేను చూడలేదు. చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని పట్టీలో రాసుకున్నారు. ఇప్పుడు చెబితే ఈ వెలుగు ఆరిపోతుంది, ఈ తిరుగుడే ఆయన్ని నిలబెడుతోంది, ఇంకొన్నాళ్ళు పోనిద్దాం అనుకున్నాను. అలా అనుకోవడం సులువు. అసలు సంగతి వేరు. ఆయన దృష్టిలో నేను పనిమంతురాలిని. ముప్ఫై ఏళ్ళు ఆయన నన్ను చూసి గర్వపడింది నా స్పిరిట్ దూదిని చూసే. అదొక్కటీ చేజారుతుందని నా భయం.

రెండేళ్ళు తిరిగారు, అంచనా మారినప్పుడల్లా వెళ్ళిన ఇంటికే మళ్ళీ వెళ్తూ. పిల్లలు ఊళ్ళో తలో మూలా ఉన్నారు, ఇద్దరు ఇళ్ళు మారారు. ఒక ఇంట్లో తండ్రి తలుపు సగం తెరిచి, "వాటర్ ఫిల్టర్లు మాకొద్దండీ" అని మొహం మీదే వేసేశాడట. "నా మొహం చూస్తే ఫిల్టరులా ఉందటోయ్?" అని వచ్చి నవ్వారు. ఇంకో ఇంట్లో కుక్క వెంటపడింది, ప్యాంటు చిరిగింది. నేను కుట్టాను. రెండో ఇల్లు కుళాయి నీళ్ళదని తేలితే పేస్టు అన్నారు. పేస్టులు కలవకపోతే పుట్టుకతో పంటి గట్టిదనం అన్నారు. బయల్దేరిన ప్రతిసారీ నేను నీళ్ళ సీసా నింపి సంచిలో పెట్టేదాన్ని. "ఎండగా ఉంది, నెమ్మదిగా వెళ్ళండి" అనేదాన్ని. ఈ సాయంత్రం చెప్పేస్తాను అనుకునేదాన్ని. సాయంత్రం ఆయన వచ్చేవారు, కాళ్ళు కడుక్కునేవారు, నేను టీ ఇచ్చేదాన్ని.

ఎనిమిదో పిల్ల ఇంటికి వెళ్తూ బస్సు దిగబోయి పడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. తీగలు వంచిన చెయ్యి. ఎవరో ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కట్టు వేశాక ఇంటికి తీసుకొచ్చాను. వారం రోజులు ఆ చేతిని దిండు మీద పెట్టుకుని కూర్చున్నారు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం అన్నారు:

"ఆ ఒక్క ఇల్లు మిగిలిపోయిందోయ్. కట్టు విప్పగానే వెళ్ళొస్తాను."

"వెళ్ళకండి."

"పడతాననా? ఈసారి ఆటోలో వెళ్తాలే."

"నీళ్ళు కాదు. పేస్టు కాదు. బిళ్ళలు ట్రేలో పెట్టేముందు నేను స్పిరిట్‌తో తుడిచేదాన్ని."

ఆయన నా వంక చూశారు.

"అన్నీ తుడిచేదాన్ని. మీరు గోడకి అంటించిన కాగితం నేను చదవలేదు. ఆ ఎనిమిది మందికీ క్లిప్పులు వేసిన రోజుల్లో నేను సెలవు. నిద్రగన్నేరు పెట్టింది ట్రేలు. దానికి తుడిచే ఓపిక లేదు."

ఆయన పెదవులు కదిలాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు. నేను కళ్ళు మూసుకున్నాను. ఏం వినపడుతుందో అని ఎదురుచూస్తుంటే కుర్చీ కిర్రుమంది. ఆయన లేచి నిలబడ్డారు.

"అంటే పూతతో పళ్ళ మీదికి ఎక్కినవి ఎనిమిది మందివే. ఎనిమిదికి ఎనిమిదీ నిలిచాయి." గొంతు పెరిగింది. "ఎనిమిదికి ఎనిమిదోయ్! ఒక్కటి తప్పలేదు! పనిచేసింది!"

కిటికీ దాకా వెళ్ళారు, వెనక్కి వచ్చారు. ఎడం చేత్తో నా తల పట్టుకుని ఊపారు. "పిచ్చిదానా, ఏడుస్తావేం? పనిచేసిందంటుంటే! తుడిస్తే తుడిచావు. చెప్పకపోవడం నా బుద్ధితక్కువ. అమ్మాయికి ఫోన్ కలుపు. ముందు దానికి చెప్పాలి."

ఫోన్ కలుపుతున్నాను. ఆయన నా ముందు నిలబడి, ఇంకా నవ్వుతూనే అడిగారు: "ఇంతకీ ఇది నీకెప్పుడు తట్టింది? ఇవాళా?"

అవును అనేసి ఉండొచ్చు నేను. అవును అంటానన్న నమ్మకంతోనే ఆయన అడిగారు. ఇంకో అబద్ధం మోసే శక్తి నాకు లేకపోయింది.

"మీరు తేదీలు చదివారే, ఆ రోజు."

"ఏ రోజు?"

"నేను అలమారలో కాగితాలు మారుస్తున్నాను. అప్పుడు."

ఫోన్‌లో అమ్మాయి పలికింది. "హలో, నాన్నా? చెయ్యి ఎలా ఉంది?"

"పెట్టెయ్" అన్నారు ఆయన. నేను పెట్టేశాను.

ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. కట్టు ఉన్న చేతిని తనే ఎత్తి దిండు మీద పెట్టుకున్నారు.

"ఫిల్టర్లు అమ్మేవాణ్ణనుకున్నారే, ఆ ఇంటికి వెళ్ళినప్పుడు నీకు తెలుసా?"

"తెలుసు."

"కుక్క వెంటపడ్డప్పుడు?"

"తెలుసు."

"మొన్న బస్సు..." అని ఆగారు. తిట్టినట్టు కాదు, ఏదో సరిచూసుకుంటున్నట్టు అన్నారు: "నీళ్ళ సీసా నింపి ఇచ్చింది నువ్వే కదా."

మర్నాడు పొద్దున్న కాలేజీకి ఉత్తరం రాయాలన్నారు. చెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఆయన చెబుతుంటే నేను రాశాను. పరీక్ష ఎందుకు తప్పిందో కారణం తెలిసిందని, మళ్ళీ చేయాలని. ఒకచోట చెప్పారు: "బిళ్ళలను తుడవరాదన్న సూచన సహాయకులకు నేను సరిగా అందించలేకపోవడమే ఇందుకు కారణం. ఈ లోపాన్ని నా రెండేళ్ళ విచారణలో నేనే గుర్తించాను."

కలం ఆపాను. "నా పేరు చెప్పండి. తుడిచింది నేనని రాస్తాను."

"అక్కర్లేదు."

"తెలిసీ చెప్పలేదని కూడా..."

"నేను చెప్పింది రాయి."

రాశాను. నా దస్తూరీతోనే.

ఆ తర్వాత ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని రోజూ అనుకున్నాను. అడిగిన దానికి జవాబు చెప్పేవారు. కూరలో ఉప్పు తక్కువైందా అంటే, "బాగానే ఉంది." కాలేజీలో ఏమైంది అంటే, "బాగానే ఉంది." ఏమోయ్ అన్న పిలుపు ఆగిపోయింది. ఏదైనా కావలసి వస్తే గుమ్మం దాకా వచ్చి నిలబడేవారు, నేను తిరిగి చూసేదాకా. కావాలని చేసిన పని కాదు అది. ఆ మాట ఆయన నోటికి రావడం మానేసింది, అంతే.

డాక్టరమ్మ అప్పటికి అదే కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఉత్తరం చూసి పెద్దలతో పోట్లాడి రెండోసారి పరీక్షకి ఒప్పించింది. మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. తీగ వంచడానికి పనికిరాదు కానీ బిళ్ళలు ముంచడానికి పనికొచ్చింది. మంగళవారం మంగళవారం ఆయన వెళ్ళేవారు. అక్కడ ఏం జరుగుతోందో నాకు నిద్రగన్నేరు ఫోన్‌లో చెప్పేది.

"అక్కా, ఈసారి ట్రేలన్నీ నేనే పెట్టాలట! మేస్త్రి గారు పట్టుబట్టారు. నువ్వు ఎలా ఉన్నదాన్ని అలా పెట్టే మనిషివి, నువ్వే కావాలి అన్నారు. బద్ధకం బద్ధకమని తిట్టేవారు కదా మీరు, ఇప్పుడు చూడండి నా విలువ!"

దానికి ఏమీ తెలియదు. పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

పిల్లలందరికీ క్లిప్పులు వేయడం అయింది. ఇక ఏడాది ఆగి లెక్కపెట్టడమే. ఆ ఏడాది ఆయనకి దక్కలేదు. నేను చెప్పిన రోజు నుంచి పదకొండో నెలలో, ఒక మంగళవారం పొద్దున్న కాలేజీకి బయల్దేరుతూ చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నారు. నేను వంటగదిలో ఉన్నాను. ఆలస్యమవుతోందే అని వెళ్ళి చూస్తే ఒరిగిపోయి ఉన్నారు. పిలిచారేమో, నీళ్ళ చప్పుడులో నాకు వినపడలేదేమో అని చాలా రోజులు మనసు పీకింది. పిలిచి ఉంటే ఏమని పిలిచేవారు? అది కూడా అనుకునేదాన్ని.

అమ్మాయి వచ్చి పదిహేను రోజులు ఉంది. వెళ్ళే ముందు అడిగింది, "అమ్మా, మీరిద్దరూ ఎందుకు మాట్లాడుకునేవాళ్ళు కాదు?" అని. "మాట్లాడుకునేవాళ్ళమే" అన్నాను. అది నా మొహం చూసి సంచి సర్దుకోవడంలో పడింది.

లెక్కలు తేలాక డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. సోఫా అంచున కూర్చుని, వేలు పెట్టి వరుస వరుసా చూపించింది. యాభై రెండు మంది పిల్లలు. మామూలు బిళ్ళల పక్క ముప్ఫై ఒక్కరికి మచ్చలు వచ్చాయి. పూత ఉన్న పక్క తొమ్మండుగురికే.

"పత్రికకి పంపే వ్యాసంలో మేస్త్రి గారి పేరు మొదట పెట్టామమ్మా" అంది. "మొదటిసారి ఎందుకు పోయిందో రెండేళ్ళు ఇల్లిల్లూ తిరిగి సారే కనిపెట్టారు. తప్పు కూడా తన మీదే వేసుకున్నారు. ఆ సంగతి కూడా రాశాను, చూడండి."

కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. ఉత్తరంలో ఉన్న మాటలే, కొంచెం అటూ ఇటూగా.

"ఇది తప్పమ్మా" అన్నాను.

"ఏదమ్మా?"

"ఆయన కనిపెట్టలేదు. బిళ్ళలు తుడిచింది నేను. ఆ సంగతి నాకు తెలిసిన రెండేళ్ళకి ఆయనకి చెప్పాను. తెలిసీ ఆయన్ని తిరగనిచ్చాను."

డాక్టరమ్మ నేనిచ్చిన టీ కప్పు బల్ల మీద పెట్టేసింది. తర్వాత మెల్లగా అడిగింది, "మార్చి రాయమంటారా?"

"రాయి. నా పేరు రాయి, నా ఉద్యోగం రాయి. ముప్ఫై ఎనిమిది మంది ట్రేలని రాయి."

సంచిలోంచి కలం తీసి అంచు మీద రాసుకుంది. నా ఇంటిపేరు స్పష్టంగా ఉందో లేదో చూసి, కాగితం ఆమెకి తిరిగి ఇచ్చాను.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అడిగింది. "సార్ ఏమన్నారమ్మా? మీరు చెప్పినప్పుడు?"

"పనిచేసింది అన్నారు. లేచి నిలబడి, పనిచేసింది అని గదంతా తిరిగారు. అంత సంతోషం ఆయన మొహంలో నేను ఎప్పుడూ చూడలేదు."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. ఆ సంతోషం ఎంతసేపు ఉందో అడగలేదు. గేటు దాకా వెళ్ళి సాగనంపి వచ్చాను.